పసుపు ఇంటావిడ నీలం సరదా

ఆ సరస్సు ఊళ్లో చూడదగ్గవి ఏమిటని అడిగితే ఎవరైనా నాలుగు చెబుతారు: రాతిమెట్ల స్నానాల రేవు, బ్యాండు మంటపం, పాత హోటలు గడియారం, పసుపు ఇల్లు. మొదటి మూడూ పెద్దమనుషులు ఆలోచించి కట్టించినవి. నాలుగోది మాత్రం ఒకావిడ కాపురం చేసుకుంటున్న ఇల్లు. తను రోజూ నడుం వంచి ఊడ్చుకునే ఇల్లు ఊరి చరిత్రలోకి ఎక్కి కూచుంటే ఎంత చిరాకో ఆవిడనే అడగాలి.

ఆ రంగు వెనక గొప్ప ఆలోచనేమీ లేదు. ఆవిడ మామగారు పడవలు నడిపేవాడు. పడవలకు వేయగా మిగిలిన పసుపు రంగును పారేయడానికి చేతులు రాక ఇంటికి పూసేశాడు. తీరా చూస్తే సరస్సు మధ్య నుంచి కూడా ఆ ఇల్లు కొట్టొచ్చినట్టు కనిపించింది. రేవుకు వచ్చే దారిలో నీటి కింద ఒక బురదమెట్ట ఉంది. పసుపు ఇల్లు సరిగ్గా ఎదురుగా రాగానే పడవను కుడికి తిప్పితే దాన్ని తప్పించుకోవచ్చు. ఆ కిటుకు పడవలవాళ్లందరికీ పాకింది. మామగారు పోయాక కూడా సీజను ముందు ఏటా వాళ్లే డబ్బాలతో దిగిపోయి, "వదినా, దండెం మీద బట్టలు తీసెయ్యి" అనేవారు. సాయంత్రానికి ఇల్లు మళ్లీ పసుపు.

ఆవిడేమో కొత్త కోడలిగా వచ్చిన నాటి నుంచి ముందుగదిలో హోటలు దుప్పట్లకు ఇస్త్రీ చేస్తూనే ఉంది. జుట్టు నెరిసింది, మోకాళ్లు మొండికేశాయి. పేరు మాత్రం పసుపింటావిడే. నిజానికి ఆవిడకు ఆ రంగంటే ఒళ్లుమంట.

"ఒక్కసారి నీలం రంగు ఇంట్లో ఉండాలనుందండీ," అంది ఒకరోజు భర్తతో. "ఇన్నేళ్లలో నీకే రంగు కావాలని ఒక్కరైనా అడిగారా నన్ను?"

భర్త మంటపం బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. తండ్రి పడవలవాడైనా ఆ గొడవలు ఆయన ఏనాడూ పట్టించుకోలేదు. "దానికేం భాగ్యం? వేయిస్తాలే," అన్నాడు. పడవలవాళ్లు ఇంకా ఊరు చేరకముందే ఇల్లు నీలమైపోయింది. ఆవిడ గుమ్మంలో నిలబడి చూసుకుని మురిసిపోయింది.

ఆ ఏడు పడవలవాళ్లు ఆలస్యమై ముందు రాత్రి చీకట్లో ఊరు చేరారు. సీజను మొదటి రోజు పొద్దున్నే, ఇంటి వైపు చూసుకోకుండానే పడవలు బయల్దేరాయి. రేవుకు తిరిగొస్తుంటే పడవలు నడిపే సరంగుల కళ్లు అలవాటుగా పసుపు కోసం వెతికాయి. ఐస్‌క్రీం దుకాణంవాడు ఒడ్డున కొత్తగా పాతిన పెద్ద గొడుగు దొరికింది. అదీ పసుపే. మొదటి పడవ దాన్ని చూసి కుడికి తిరిగింది, బురదలో కూరుకుపోయింది. ముందున్నవాడు తిరిగాడు కదా అని రెండోది తిరిగింది, మూడోదీ తిరిగింది. యాత్రికులు చెప్పులు చేత పట్టుకుని, మోకాలి లోతు నీళ్లలో పకపకా నవ్వుతూ ఒడ్డుకు వచ్చారు. సరంగులకు మాత్రం తల తీసేసినట్టయింది.

మర్నాడు పొద్దున్నే పెద్ద సరంగు పసుపు డబ్బాతో గుమ్మంలో దిగాడు.

"డబ్బా లోపలికి రాదు," అంది ఆవిడ. "ఇది నా ఇల్లు నాయనా, మీ జెండా కర్ర కాదు."

"గొడవెందుకు వదినా? పడవెక్కి నువ్వే చూడు, పద."

ఆవిడ గతుక్కుమంది. ఊరంతా పడవ షికార్లు చేస్తుంటే ఆవిడ ఇస్త్రీపెట్టె వదిలింది లేదు, పడవెక్కింది లేదు. భర్తను వెంటబెట్టుకుని ఎక్కింది. నడిమధ్యకు వెళ్లాక వెనక్కి తిరిగి చూసింది. మెట్లున్నాయి, మంటపం ఉంది, గడియారం ఉంది.

"ఏదయ్యా నా ఇల్లు?"

ఇల్లు వెనకున్న నీలికొండలో కలిసిపోయింది. అంత ఇష్టపడి వేయించుకున్న రంగు! ఆవిడకు ఏడుపొచ్చింది. తన సరదా కోసం ఎవరి బిడ్డలనో బురదలో దింపగలదా?

"సరేలే," అంది ముక్కు చీదుకుంటూ. "పూసుకోండి మీ పసుపు."

సరంగు తల గోక్కున్నాడు. "పసుపే ఎందుకు? కనిపిస్తే చాలు మాకు. నీకే రంగు కావాలో చెప్పు వదినా, దాన్ని చూసే తిప్పుకుంటాం."

ఆవిడ చెంగుతో కళ్లు తుడుచుకుని సర్దుకు కూచుంది.

"ఎరుపైతే బాగుంటుందేమో," అన్నాడు భర్త.

"మీరూరుకోండి. అడిగింది నన్ను." ఒడ్డు వైపు తీరిగ్గా చూసింది. "తొందరేముంది నాయనా? ఇంకో చుట్టు తిప్పు, చూసి చెబుతాను."

సరంగు తిప్పాడు. ఆవిడ తేల్చలేదు. మళ్లీ తిప్పాడు.

"ఎరుపు," అంది చివరికి, ఆ మాట తనకే మొదట తట్టినట్టు.