ఈశ్వరప్ప పూచీపడిన కాటా

కళ్యాణదుర్గం బస్టాండు వెనక మేడ మీద ఈశ్వరప్ప డ్రైవర్ పాఠాలు చెప్పేవాడు. బండి నడిపే విద్య కాదు. ఏదైనా యంత్రం చెప్పేది కంప్యూటర్‌కు అర్థమయ్యేలా ప్రోగ్రాం రాసే విద్య. నాలుగు పాత కంప్యూటర్లు, ఆరుగురు పిల్లలు. యంత్రం ఏది చెబితే అదే పైకి పంపాలి, మధ్యలో మన తెలివి కలపకూడదని మొదటిరోజే గట్టిగా చెప్పేవాడు. ప్రోగ్రాం పైన శ్రీకారంలాగా ఆయన పేరు రాయడం పిల్లలు పెట్టుకున్న ఆచారం. ఎందుకులే అనేవాడు గానీ లోలోపల మురిసిపోయేవాడు.

2004లో శనక్కాయల మండీవాళ్లు కొత్త కాటా తెచ్చి కంప్యూటర్‌కు కలపమన్నారు. ఆయనకు ప్రాణంలాంటి శిష్యుడు దివాకర్ రెండు వారాలు కూర్చుని దానికి డ్రైవర్ రాశాడు. మండీలోనే ఉద్యోగమూ దొరికింది. అంతవరకూ తరుగు పేరుతో మూటకు రెండు కిలోలు కోసేవారు, రైతులు పోట్లాడి ఒక కిలో అయినా వెనక్కి లాక్కునేవారు. ఈ కాటా మీద వాళ్లకు గురి కుదరలేదు. ఈశ్వరప్పే ఇరవై కిలోల తూకపు రాయి పెట్టించి, తెర మీద సరిగ్గా ఇరవై చూపించి, దీనికి తరుగు తెలియదని పదిమందిలో పూచీపడ్డాడు.

మరుసటి ఏడు తిమ్మమ్మ అనే రైతు మేడెక్కి వచ్చింది.

"ఇంటికాడ నలభై తూగిన మూట ఆడ ముప్పైయెనిమిది అంటాది. నీ మాట నమ్మి పోట్లాడేదే మానుకొంటిమి సారూ."

ఆయనకు ఒళ్లు మండింది, ఆమె మీదే. ఆమెను వెంటబెట్టుకుని మండీకి నడిచి, అందరి ముందూ రాయి పెట్టాడు. ఇరవై. చూశావా అన్నట్టు ఆమె వైపు తిరిగాడు. ఇంకో రాయి కూడా పెట్టమంది తిమ్మమ్మ. పెట్టాడు. ముప్పైయెనిమిది.

ప్రోగ్రాం తెరవమంటే దివాకర్ తల వంచుకుని తెరిచాడు. ముప్పై దాటితే రెండు తీసెయ్యమని నాలుగు వరుసలు. అంత పొందికగా రాయడం నేర్పింది తానే.

"ఏమప్పా, నేను నేర్పించింది ఇదేనా?"

"మీరెప్పుడూ ఒక రాయే పెడతారు గదా సార్," అన్నాడు దివాకర్.

కొట్టడానికి ఆయన చెయ్యి లేచింది గానీ కొట్టలేకపోయాడు. చదువురాని తిమ్మమ్మ తెర దగ్గరికి వంగి, అన్నిటికన్నా పైన ఏమి రాసి ఉందని అడిగింది.

ఈశ్వరప్ప తన పేరు చదివి వినిపించాడు.