పడవకు చిన్నాన్న బిగించిన వైరు

ఈ రోజు సెలవని మా చిన్నాన్నని ఇక్కడ ఉత్తరాదిన కోటా ఊరి దగ్గరి డ్యామ్‌లో మోటారు పడవ ఎక్కించడానికి తీసుకెళ్లాను. ఆయన రైలు కరెంటు తీగల మీద పనిచేసి రిటైరైన మనిషి.

పడవతను ట్యాంకులో పెట్రోల్ పోయబోతుంటే చిన్నాన్న ఆపేశారు. ట్యాంకు మూతి దగ్గర ఒక ఆకుపచ్చ వైరు ఊడి వేలాడుతోంది.

"అది లేకపోయినా ఇంజన్ నడుస్తోంది కదా చిన్నాన్నా!" అన్నాను.

"ఇంజన్ కోసం కాదే, మన కోసం. ఇది ఎర్తింగు. పెట్రోల్ పోస్తుంటే రాపిడికి కరెంటు పుడతాది. అది పోడానికి దారుండాల. నేకపోతే ఒక్క నిప్పురవ్వ సాలు."

తాళంచెవితో తుప్పు గీకి, వైరు బిగించాకే పోయనిచ్చారు. పెట్రోల్ వాసన పూర్తిగా పోయేదాకా స్టార్ట్ చెయ్యనివ్వలేదు. నాకు విసుగొచ్చింది కూడా.

డ్యామ్ మధ్యలో ఇంజన్ ఆపితే పడవ నిద్రలో ఒత్తిగిల్లినట్టు కదిలింది. నీళ్లలో మబ్బులు మమ్మల్ని దాటుకుంటూ పోయాయి. చిన్నాన్న తలెత్తి, తీగల్లేని ఆకాశాన్ని చాలాసేపు చూశారు.

ఒడ్డుకు చేరి దిగబోతూ ఆయన మళ్లీ ఆ వైరు దగ్గర వంగారు. చూస్తే నట్టు విప్పుతున్నారు! రైలు తీగల పనిలో ఎర్తింగ్ పెట్టిన మనిషే పనయ్యాక, తీగల్లోకి మళ్లీ కరెంటు వదిలే ముందు, దాన్ని తీసెయ్యాలట. పడవతను మెల్లగా ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"రహనే దో, కాకా," అన్నాడు, అలాగే ఉండనివ్వమని.

చిన్నాన్న సిగ్గుపడి నవ్వారు. రిటైరై ఆరేళ్లయినా ఆ చేతులింకా డ్యూటీ దిగలేదు. మీ ఇంట్లోనూ ఉన్నాయా అలాంటి చేతులు?