ఒక్క గేర్‌బాక్స్‌కు రెండు మోటార్లు

ప్రత్యేక రాష్ట్రం కోసం ఊళ్లన్నీ రోడ్డెక్కిన కాలంలో నేను జనగామ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో చివరి సంవత్సరం చదువుతున్నాను. మాది మహబూబాబాద్. హాస్టల్లో నా గదిలో ఉండే స్నేహితురాలిది భూపాలపల్లి. వాళ్ల నాయిన బొగ్గుబావిలో పనిచేసేవాడు. మేం క్లాసుల్లో కంటే ధర్నాల్లోనే ఎక్కువ కూర్చున్నాం. మిగిలిన సమయంలో ఇద్దరం కలిసి ఒక రోబో తయారుచేశాం. పోటీ హైదరాబాదులో. రెండు రోబోలు ఎదురెదురుగా నిలబడి తోసుకోవాలి. గీత దాటినది ఓడినట్టు.

మొదట ఎడమ చక్రాలకు ఒక మోటారు, కుడి చక్రాలకు ఒక మోటారు పెట్టాం. ఉత్త నేల మీద బాగానే ఉరికింది. ఇసుక సంచి అడ్డం పెడితే మాత్రం మోటార్లు మూలిగి ఆగిపోయేవి, కమురు వాసన వచ్చేది. ఇంకా పెద్ద మోటార్లు వేద్దామన్నాను. అంతకన్నా పెద్దవాటికి పోటీ నియమాలు ఒప్పుకోవని, ఎన్ని పెట్టినా అడ్డులేదని తను గుర్తుచేసింది.

"ఒక్క ఎద్దు గుంజకపోతే ఏం జేస్తరు? జోడు కడ్తరు," అంది.

ఒక్కో వైపు గేర్‌బాక్స్‌లో ఉన్న పెద్ద పళ్లచక్రానికి రెండు చిన్న చక్రాలు పట్టించి, ఒక్కోదాన్ని ఒక్కో మోటారుతో తిప్పాలన్నది ఆమె ఆలోచన. మొదటిసారి బిగించినప్పుడు ఒక మోటారు ముందుకు, రెండోది వెనక్కి లాగి, చక్రం పళ్లు పొడిపొడిగా రాలిపోయాయి. ఒకదాని వైర్లు తిరగేసి, కొత్త చక్రం వేశాం. ఆ సాయంత్రం రోబో ఇసుక సంచిని గోడ దాకా నెట్టుకుపోయింది. ఆమె చేతుల గ్రీజు చున్నీకి తుడుచుకుంటూ దాని వెనకాలే నడిచింది.

పోటీకి వారం ముందు ఆమె ఇంటికి వెళ్లింది. అంతలో రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. బావులు బందు, బస్సులు బందు. పోటీ వాయిదా పడుతుందనుకున్నాం, పడలేదు. ఆమె ఫోన్ చేసింది.

"నువ్వు తీస్కపో. మళ్ల గిసొంటి మోకా రాదు."

మా క్లాసు వాళ్లు జీపు మాట్లాడుకుని పోతుంటే రోబోను ఒళ్లో పెట్టుకుని ఎక్కాను.

మొదటి ఆటలో మా రోబో ఎదుటిదాన్ని నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా గీత అవతలికి తోసేసింది. చప్పట్లు కొట్టారు. ఆమెతో ఏదో అనబోయి పక్కకు తిరిగాను. అక్కడ ఎవరో తెలియని కుర్రాడు నిలబడి ఉన్నాడు. రెండో ఆటలో ఢీకొట్టగానే మాది పక్కకు తిరిగిపోయింది. ఎంత ప్రయత్నించినా తిన్నగా పోలేదు. ఓడిపోయాం.

ఫోన్‌లో చెబితే ఆమె అడిగింది ఒకటే: "ఎటు తిరిగింది?"

"ఎడమకు."

"అయితే ఎడమ దిక్కు ఒక మోటరు వైరు ఊడి ఉంటది. మిగిలింది దాన్ని గూడ మోసుకుంట తిరిగింది."

మూత విప్పి చూస్తే అదే జరిగింది.

సమ్మె అయిపోయాక ఆమె పరీక్షలకు మాత్రమే వచ్చింది. అప్పటికే కాలేజీ వాళ్లు మా మోటార్లను వేరే పనికి విప్పేసుకున్నారు. తరవాత రాష్ట్రం వచ్చింది. ఆమె భూపాలపల్లిలోనే బడిపిల్లలకు లెక్కలు చెబుతోంది. మళ్లీ యంత్రాల జోలికి పోలేదు.

మొన్నామధ్య వాళ్లింటికి వెళ్తే ఆ మొదటి ఆట గురించి మళ్లీ చెప్పమంది. చెప్పాను. ఎంత చెప్పినా, నేను చూసింది ఆమెకు చూపించలేకపోయాను.

"సమ్మె జేసినందుకు నాకేం రంది లేదు," అంది. "గా ఒక్కనాడు బస్సు నడిస్తే మంచిగుండేది."