ఆకుపచ్చ మూత డబ్బా

మా అత్త, అంటే నా మొగుడి తల్లి, పోయింది. ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం చేపల పులుసుతో సుబ్బరంగా అన్నం తిని, "కాసేపు నడుం వాలుత్తానే" అని చాప మీద ఒరిగింది. మళ్ళీ లేవలేదు. షాదీపూర్‌లో మా సందంతా వచ్చి వాకిట్లో నిలబడింది. ఉత్తరాన వేరే దీవిలో, మాయాబందర్‌లో ఉన్న ఆమె తమ్ముడికి ఫోన్ చేసి చెప్పే పని నామీద పడింది. చిన్నమామ చాలాసేపు ఏడ్చాడు. ఏడ్చి, ముక్కు చీదుకుని, "మరి ఆ డబ్బాలు ఎవులు సూత్తారే?" అని అడిగాడు. ఇంకొకరైతే ఈ టైములో ఇదేం ప్రశ్న అనుకునేవారు. నాకు మాత్రం అప్పుడే ఏడుపు తన్నుకొచ్చింది.

అవి కొవ్వు డబ్బాలు. మా వంటింట్లో పొయ్యి పక్కన అలమరలో వరసగా ఉండేవి. పందికొవ్వు ఒకదాన్లో, కోడి కొవ్వు ఒకదాన్లో, మేక కొవ్వు ఒకదాన్లో. దేని గరిటె దానికే, దేని మూకుడు దానికే. మాంసం కొని కొవ్వు పారేసే మనిషిని మా అత్త అసలు మనిషి కిందే జమకట్టేది కాదు. ఆమె పుట్టింది శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డున. వాళ్ళింట్లో మాంసం అంటే పండక్కే. ఆ పూట దొరికిన కొవ్వు కాచి దాచుకుని, తర్వాత పప్పులో ఓ చుక్క వేసుకుని, మాంసం కూరే తింటున్నామనుకునేవాళ్ళట. పెళ్ళయి షిప్పెక్కి ఈ దీవులకొచ్చాక తిండికి లోటు లేకపోయినా ఆ అలవాటు మారలేదు.

మా ఆయన ఇక్కడే ఒక హోటల్ కిచెన్‌లో పనిచేస్తాడు. టూరిస్టులకి పొద్దున్నే బేకన్, అంటే ఉప్పేసి పొగపట్టిన పందిమాంసం వేయిస్తారు, పెనంలో దిగిన కొవ్వంతా పారబోస్తారు. ఈ మాట ఒకరోజు తింటూ తింటూ నోరు జారాడు. అత్త చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"పారబోత్తారా? మీ సాబుకి పిచ్చేటిరా?"

మర్నాటి నుంచి మా ఆయన చేతిలో స్టీలు క్యారేజీ. వెళ్ళేటప్పుడు ఖాళీ, వచ్చేటప్పుడు బేకన్ కొవ్వు. పెద్ద వంటవాడిని అడిగే తెచ్చేవాడు లెండి. ఆయన నవ్వి, "లేజా భయ్యా, పట్టుకుపో" అన్నాడట. అత్త దాన్ని నీళ్ళలో పోసి మరిగించేది, గుడ్డలో వడకట్టేది, చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టేది. పైన తెల్లగా పేరుకున్న బిళ్ళని ఎత్తి, అడుగున అంటుకున్న నల్ల మడ్డి గోకేసేది. "ఈ ఉప్పూ, ఈ పొగ కంపూ టూరిస్టులకి. మనకక్కర్నేదు" అనేది. కొత్తలో నేను కొంగుతో ముక్కు మూసుకునేదాన్ని. "ముక్కు మూసుకో, పర్వానేదు. నోరు మాత్రం తెరిసే ఉంచు" అని, పచ్చి కొవ్వు కాచినప్పుడు మిగిలే కరకరలాడే ముక్క ఒకటి ఉప్పూకారం అద్ది నోట్లో పెట్టేది. అబ్బ, ఏం రుచి! ముక్కు మీంచి కొంగు ఎప్పుడు తీశానో నాకే గుర్తులేదు.

అన్నీ తినడానికే అనుకునేరు. ఈ ఉప్పుగాలికి మా ఊళ్ళో తుప్పు పట్టనిదేముంది? తలుపు గొళ్ళేనికి పందికొవ్వు, తాళంకప్పకి పందికొవ్వు, మా మావగారు చేపలకెళ్ళే చిన్న పడవ, డోంగీలో గాలాలకీ పందికొవ్వే. పగిలిన మడమలకి మాత్రం మేక కొవ్వు. రాత్రి పూట తన కాళ్ళకి రాసుకుని, "ఇలా తే" అని నా కాళ్ళు లాక్కునేది. అత్తగారు కోడలి కాళ్ళు పట్టుకోవడమేంటని నేను సిగ్గుతో చచ్చిపోతుంటే, "పగిలిన కాలికి అత్తేటి, కోడలేటి" అని గట్టిగా రుద్దేది. అలాంటి మనిషి నాకు దొరికింది, నా అదృష్టం.

ఇక పక్కింటి దీదీ సంగతి చెప్పాలి. వాళ్ళ పెద్దలు మలబారు నుంచి వచ్చిన ముస్లింలు. మా అత్త ఆమెని దీదీ, అంటే అక్క అనేది, ఆమె మా అత్తని దీదీ అనేది. ఇద్దరిలో ఎవరు పెద్దో చివరిదాకా తేలలేదు. బక్రీద్‌కి వాళ్ళ ఇంటి మేక కొవ్వు కాచిపెట్టేది మా అత్తే. పంది వండే ఇంట్లో ఆమె నిశ్చింతగా తినేదంటే, ఆ గరిటెల మీద నమ్మకమే. పంది గరిటెకి అత్త ఎర్ర గుడ్డపీలిక కట్టి ఉంచేది, చీకట్లో తడిమినా తెలిసేలాగ.

అంత జాగ్రత్త మనిషీ ఒక రంజాన్ నెలలో తప్పు చేసింది. సాయంత్రం ఉపవాసం విడిచే వేళకి మేక కొవ్వులో వంజరం ముక్కలు వేయించి దీదీ ఇంటికి పంపింది. గిన్నెలు సర్దుతూ చూస్తే మేక కొవ్వు డబ్బాలో ఎర్ర పీలిక గరిటె! తొందర్లో తనే పెట్టింది. అత్త చెప్పుల్లేకుండా పరిగెత్తింది, వెనక నేను. దీదీ ఇంట్లో అందరూ పళ్ళెం చుట్టూ కూర్చుని మసీదు అజాన్ కోసం చూస్తున్నారు.

"దీదీ, మత్ ఖానా! ముట్టకండి! పంది గరిటె పడిపోనాది. నా సేత్తోనే పడ్డాది."

దీదీ లేచి పళ్ళెం తెచ్చి అత్త చేతుల్లో పెట్టింది. తలుపు మూసుకుంది.

ఇంటికొచ్చాక మా ఆయన విసుక్కున్నాడు. "ఎవరు చూశారమ్మా? చెప్పకపోతే ఏమయ్యేది?"

"ఎవులూ సూడనేదు. నాను సూసినాను గదా. రేపు ఆ మనిషి మొకం ఎలాగ సూడాల?"

ఆ డబ్బాలో కొవ్వంతా తాళాలకీ గాలాలకీ పోయింది. దీదీ మా గడప తొక్కలేదు. అత్త రోజూ ఆ గోడ వైపే చూస్తూ కూర్చునేది, కూర కూడా ఉప్పు తప్పి వండేది. బక్రీద్ నాడు తలుపు చప్పుడైంది. దీదీ. చేతిలో పచ్చి కొవ్వు సంచీ, ఆకుపచ్చ మూతతో కొత్త డబ్బా, దాన్లోనే కొత్త గరిటె.

"యే మేరా డబ్బా హై, ఇది నాది. నీ ఇంట్లోనే ఉంటుంది. కాచి పెట్టు" అంది. అత్త తడిచెయ్యి కొంగుకి తుడుచుకుంటూ డబ్బా అందుకుంటే, "కడుపులో దాచుకోకుండా వచ్చి చెప్పావు కదా. బస్, అది చాలు" అంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. అప్పట్నుంచి మా అలమరలో ఆ డబ్బా ఉంది.

అత్త పోయాక నాకు పట్టుకున్న దిగులు కూడా ఆ డబ్బా గురించే. ఆ నమ్మకం వాళ్ళిద్దరిది. నాది తొందరపడే చెయ్యి, ఆ సంగతి సందులో అందరికీ తెలుసు. "నీ సెయ్యి నీకంటే ముందు పరిగెడతాదే" అని అత్తే వాకిట్లో నిలబడి అరిచేది. ఇక దీదీ డబ్బా మా ఇంట్లో ఎందుకుంటుంది? మా పొయ్యి వెలగని రోజుల్లో అన్నం, పప్పు దీదీ ఇంటి నుంచే వచ్చాయి. పెద్దకర్మ అయిన మర్నాడు దీదీ వంటింట్లోకి వచ్చింది. అలమర వైపు కాసేపు చూసింది. ఆకుపచ్చ మూత డబ్బా తీసుకుని కొంగు కింద పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆమె వస్తువు, ఆమె తీసుకెళ్ళింది, ఏమనగలను? కానీ అలమరలో ఆ ఖాళీ చూస్తే అత్త రెండోసారి పోయినట్టు అనిపించింది. ఆ పూట నేను అన్నం తినలేదు.

వానలు పట్టుకున్నాక బక్రీద్ వచ్చింది. సాయంత్రం గొడుగు మడుస్తూ దీదీ మా వంటింటి గుమ్మంలో నిలబడింది. చేతిలో ఆకుపచ్చ మూత డబ్బా, తళతళా తోమి ఉంది. రెండో చేతిలో పచ్చి కొవ్వు సంచీ.

"పాత కొవ్వు వాసన పట్టేసింది బేటీ. డబ్బా కడిగి ఎండబెట్టాను" అంది. "చలో, కాచి పెట్టు."

"నేనా దీదీ?" అన్నాను.

"మరి ఎవరు? మీ అత్త వస్తుందా?" అని కసిరింది. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

కొవ్వు చిన్నముక్కలు కోశాను, అత్త కోసినట్టే. కాసిని నీళ్ళు పోసి సన్నటి సెగ మీద పెట్టాను. దీదీ పీట లాక్కుని, ఉల్లిపాయల బుట్ట ఒళ్ళో పెట్టుకుని, వాన కనిపించే గుమ్మం వైపు తిరిగి కూర్చుంది. నా వెనక అలమరలో ఎర్ర పీలిక గరిటె వేలాడుతోంది. నేను ఒకటికి రెండుసార్లు చేతిలో గరిటె చూసుకుంటున్నాను. కొవ్వు కరిగి, ముక్కలు వేగి, నేను వడకట్టి డబ్బాలో పోసేదాకా దీదీ నాకు వీపు పెట్టి ఉల్లిపాయలు ఒలుస్తూనే ఉంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.