ముప్పై ఎనిమిదో నంబరుకి పలికింది నేనే

పోయిన సోమవారం నరసరావుపేటలో, ఇంజినీరింగ్ కాలేజీ క్లాసులో నన్ను లేపి నిలబెట్టారు. నా వయసు నలభై రెండు. మాచర్లలో మాకు పెయింట్ల షాపుంది. అలాంటిదాన్ని ఫస్టియర్ పిల్లల మధ్య తలొంచుకుని ఎందుకు నిలబడ్డానో చెప్తా, మీరూ నవ్వుకోండి.

మా ఎదురింటి పద్మక్క కూతురు లాస్యకి ఆ కాలేజీలో ఎలక్ట్రికల్ సీటొచ్చింది. నేను చదివిందీ అక్కడే, అదే బ్రాంచి. పద్మక్క వచ్చి, "మన బజార్లో ఇంజినీరింగు చదివిన ఆడమనిషివి నువ్వొక్కదానివే. మొదటిరోజు పిల్లెంట నువ్వే పో. ఎట్టా చదవాలో నాలుగు మాటలు చెప్పు" అంది.

నా పట్టా బీరువాలో చీరల కింద పడుంది. ఇన్నేళ్లలో దాని ఊసెత్తినవాళ్లు లేరు. రంగు డబ్బా మూత తీయడానికి బీటెక్ ఎందుకు? ఆ ఒక్కరోజైనా ఆ పిల్ల కళ్లకి ఇంజినీరులా కనపడాలని చానా ఆశపడ్డాను. గంజిపెట్టిన చీర తీసి, ఇస్త్రీ చేయించి కట్టుకున్నాను.

బస్సు గురజాల దాటేలోపే మొదలుపెట్టా. ముందు బెంచీలో కూర్చో. ల్యాబ్ రికార్డు ఏ రోజుది ఆ రోజే రాసెయ్. మ్యాథ్స్ బ్యాక్‌లాగ్ పెట్టుకున్నావా, ఫైనలియర్ దాకా వదలదు. అన్నిటికన్నా ముఖ్యం, ప్రాక్సీ జోలికి పోవద్దు. ఇంకొకరి నంబరుకి ప్రెజెంట్ చెప్పావంటే నీ పరువే పోతుంది. లాస్య బుద్ధిగా అన్నీ ఫోన్లో రాసుకుంది. ప్రాక్సీ సంగతి ఒకటో నంబరుగా పెట్టింది.

కాలేజీలో మీటింగయ్యాక, పేరెంట్స్ కాసేపు క్లాసులో కూర్చోవచ్చన్నారు. చివరి బెంచీలో కూర్చున్నా. కిటికీ అదే, సుద్ద వాసన అదే. నా పక్కన మాత్రం సుజాత లేదు.

సుజాత దాచేపల్లి నుంచి వచ్చేది. సిమెంటు లారీల మధ్య ఇరుక్కుని ఆ బస్సు ఏనాడూ ఫస్టవరుకి అందేది కాదు. నాది ముప్పై ఏడు, తనది ముప్పై ఎనిమిది. నా నంబరుకి నా గొంతుతో, తన నంబరుకి కాస్త సన్నగా గొంతు మార్చి పలికేదాన్ని. నాలుగేళ్లు అదే పని. పది దాటాక చెమటలు కక్కుతూ వచ్చి, "చెప్పావా?" అనేది. ఆ మాట వినాలని ఎంత అనిపించిందో ఆ బెంచీ మీద కూర్చున్నాక.

ఇంతలో సారు అటెండెన్స్ మొదలుపెట్టారు. ముప్పై ఆరు. ముప్పై ఏడు. ముప్పై ఎనిమిది... ఎవరూ పలకలేదు. "థర్టీ ఎయిట్?" అన్నారు మళ్లీ.

"ప్రెజెంట్ సార్."

సన్నటి గొంతుతోనే! క్లాసు మొత్తం వెనక్కి తిరిగింది. సారు నన్ను లేవమన్నారు. నా కొడుకు వయసుకంటే నాలుగైదేళ్లు పెద్దేమో ఆయన. ఎవరండీ మీరు అన్నారు. పేరెంట్‌నని చెబుదామంటే అదీ కాదాయె. ఎదురింటి పేరెంట్‌నండీ అన్నాను. గోల గోలగా నవ్వారు పిల్లలు. సారూ నవ్వి కూర్చోమన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను గానీ, నిజం చెప్పొద్దూ, పలికిన ఆ ఒక్క క్షణం నాకు పద్దెనిమిదేళ్లే.

బయటికొచ్చాక లాస్య ఫోను తీసి, "పిన్నీ, ఒకటో పాయింటు ఉంచనా, తీసెయ్యనా?" అంది. ఇంజినీరు వేషం అక్కడితో సరి.

బస్టాండులో ఉండబట్టలేక సుజాతకి ఫోన్ చేశా. మాట్లాడి రెండేళ్లు దాటింది. తను ఇప్పుడు సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ ఇంజినీరు. చూడండి, రోజూ క్లాసుకి పోయింది నేను, ఇంజినీరైంది తను. జరిగింది చెప్తే మిషన్ల మోతలో కూడా వినపడేటట్టు నవ్వింది. నవ్వి నవ్వి ఆగింది.

"ఏమే, నాకు చెప్పావు సరే. మరి నీ నంబరు పిలిచినప్పుడు పలకలేదా?"

పలకలేదు. నా నంబరుకి ముందు బెంచీలోంచి ఎవరో పిల్ల గట్టిగా పలికేసింది. ఇరవై ఏళ్ల తర్వాత, గంజి చీర కట్టుకుని, రెండు గంటలు బస్సులో పోయి సుజాతకి హాజరు వేయించొచ్చాను. నాకు మాత్రం ఆబ్సెంటే.