తెల్లగుడ్డ రోజుల్లో మాత్రకి సెలవు

"బీపీ మాత్రలు మానేసి ఎన్నేళ్ళయింది?" అని డాక్టరమ్మ మొహం మీదే అడిగింది.

మిషనక్క తడుముకోలేదు. "మానెయ్యాలంటే ముందు సరిగ్గా వేసుకోవాలి కదండీ!"

పక్క కుర్చీలో ఉన్న తమ్ముడు తల పట్టుకున్నాడు. అబద్ధం చెప్పినా కాస్త మర్యాదగా ఉండేది.

మిషనక్కకి అరవై రెండేళ్ళు. బస్టాండు వెనక వీధిలో, మేడమెట్ల కింద ఇరుకు గది ఆమె దుకాణం. కటింగు బల్ల తమ్ముడిది, కుట్టుమిషను ఆమెది. ముప్పై ఏళ్ళుగా ఆ సరిహద్దు ఎవరూ దాటలేదు. ఆసుపత్రి కోట్లు, నర్సుల దుస్తులు, బడిపిల్లల చొక్కాలు: ఇల్లు గడిచేదంతా తెల్లగుడ్డ మీదే. పళ్ళ మధ్య నాలుగు గుండుపిన్నులు బిగించుకునే ఆమె రోజంతా మాట్లాడుతుంది. ఆ భాష తమ్ముడికి తప్ప ఎవరికీ అర్థం కాదు.

ఆర్నెల్ల కిందట ఛాతీలో ఏదో అదరడం మొదలైంది. ఇంకొకరైతే గుండెని అనుమానించేవారు. మిషనక్క మిషన్ని అనుమానించింది. బెల్టు మార్పించింది, మిషను కాలి కింద అట్టముక్క పెట్టించింది.

"మోటారు కట్టేశాక కూడా అదురుతోందా అక్కా?"

"అదురుతోందిరా."

"ఇంక మిషనెందుకవుతుందీ, నీ మొహం! రిపేరు నీకే. పద."

అలా వచ్చారు డాక్టరమ్మ దగ్గరికి. నాడి ఒకసారి పరుగెడుతోంది, ఒకసారి ఆగి ఆలోచిస్తోంది. ఓ వరసా లేదు, ఓ లెక్కా లేదు. స్కానింగులో గుండె ఎడమవైపు పైగది నాలుగు సెంటీమీటర్ల లోపు ఉండాల్సింది నాలుగు పాయింట్ ఎనిమిది ఉంది.

"ఎనిమిది మిల్లీమీటర్లేనా?" మిషనక్క పెదవి విరిచింది. "కుట్టుకి మేం వదిలే గుడ్డే అంతకంటే ఎక్కువ. దీనికింత హడావుడా?"

డాక్టరమ్మ ఒంటి మీది కోటు మిషనక్క కుట్టిందే. అందుకేనేమో ఓపిక పట్టింది.

"ఎలాస్టిక్ పట్టీని ఏళ్ళ తరబడి లాగిపట్టి ఉంచితే ఏమవుతుందమ్మా?"

"సాగిపోతుంది. లోపల పోగులు తెగుతాయి."

"నీ రక్తపోటు ఆ గదిని అలాగే లాగింది. గోడ సాగి, మధ్యమధ్య మచ్చలు కట్టింది. గుండెని కొట్టించే కరెంటు ఆ మచ్చల దగ్గర దారి తప్పుతుంది. గది సాగితే లయ తప్పుతుంది, లయ తప్పితే గది ఇంకా సాగుతుంది. ఇక ఆ గది సరిగ్గా పిండదు. రక్తం మూల నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకెళ్తే కాలూ చెయ్యీ పడిపోతాయి. అందుకే ఈ రక్తం పలచబరిచే మాత్ర. ఒక్క పూట కూడా తప్పకూడదు."

మేడ మీది ఇంటాయన సంగతి విని, "నీది పెద్ద గుండెమ్మా, నీకేం కాదు" అని దీవించి పోయాడు. జనం మందులు మానేసేది ఇలాంటి దీవెనల వల్లే. పెద్ద గుండెలో గొప్పతనమేమీ లేదు. సాగిన సంచీ గొప్పదెలా అవుతుంది?

మిషనక్క పది రోజులు బుద్ధిగానే వేసుకుంది. పదకొండో రోజు వేలికి సూది గుచ్చుకుంది. అది ఆ పనిలో లెక్కలోకి రాదు. ఎప్పుడూ వేలు నోట్లో పెట్టుకుంటే రక్తం ఆగిపోయేది. ఈసారి ఆగలేదు. తెల్లకోటు జేబు మీద నాలుగు చుక్కలు పడ్డాయి. చన్నీళ్ళతో రుద్ది రుద్ది, ఎవరికీ చెప్పకుండా ఒక నిర్ణయం చేసుకుంది: రంగుగుడ్డ కుట్టే రోజు మాత్ర, తెల్లగుడ్డ రోజు సెలవు. ఆ దుకాణంలో రంగుగుడ్డ రోజులు వారానికి రెండు వస్తే ఎక్కువ.

ఒక మధ్యాహ్నం తమ్ముడు వంగి సుద్దతో గీతలు గీస్తున్నాడు. వెనక నుంచి అక్క ఏదో అంది.

"పిన్నులు తీసి మాట్లాడక్కా. నాక్కూడా అర్థం కావట్లేదు."

మళ్ళీ అదే ముద్దమాట.

"తియ్యవే తల్లీ!" అని విసుగ్గా తిరిగాడు. పిన్నులన్నీ మిషను మీది చిన్న పిన్నుల దిండుకే గుచ్చి ఉన్నాయి. ఆమె నోరు ఒక పక్కకి జారింది. కుడిచేతిలోని కత్తెర కిందపడింది.

ఆటోలోనే మాట తిరిగి వచ్చింది. చెయ్యి సాయంత్రానికి లేచింది. చిన్నగడ్డ, దానంతటదే కరిగింది అన్నారు ఆసుపత్రిలో. ఇంకోటి కరుగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. తమ్ముడు ఆమె సంచీ బోర్లించి మాత్రల పట్టీ తీశాడు. సగానికి పైగా మిగిలే ఉన్నాయి. తెల్లగుడ్డ రోజుల లెక్క మిషనక్క అప్పుడు బయటపెట్టింది.

"తెల్లపని పోతే ఏం తింటాంరా?" అంది ఇంటికొచ్చాక.

"నువ్వు పోతే నన్నెవరు తిడతారు?"

మర్నాడు పొద్దున అతను కటింగు బల్ల వదిలి మిషను ముందు కూర్చున్నాడు. కటింగు మాస్టరు మిషనెక్కడమంటే హెడ్మాస్టరు బడిగంట కొట్టడమే. వీధిలో తెలిస్తే పరువు పోతుంది. "తెల్లది నేను కుడతాను. నువ్వు కొయ్యి. కత్తెర గుచ్చుకోదు," అన్నాడు, తలుపు సగం మూసి.

మూడో కోటుకే ఆమె నుదురు కొట్టుకుంది.

"ఇది కాలరా, కుక్క చెవా?"

"వేసుకునేవాళ్ళు రోగుల్ని చూస్తారు, కాలరు చూసుకోరులే."

"డాక్టరమ్మ చూసిందంటే బీపీ మాత్ర ఆవిడకి పడుతుంది!"

ఇప్పుడు రోజూ దుకాణం తెరవగానే తమ్ముడి ఎదుటే మాత్ర వేసుకుని, నాలుక చాపి చూపిస్తుంది. అతను చూసి గానీ మోటారు వెయ్యడు. సాగిన గది వెనక్కి పోలేదు. అది పోయే రకం కాదని డాక్టరమ్మ ముందే చెప్పింది. కొన్ని రోజులు అదురుతుంది, కొన్ని రోజులు ఊరుకుంటుంది. చెయ్యి మాత్రం మళ్ళీ పడలేదు.

అతను కుట్టిన మొదటి ఇరవై కోట్లలో ఏడింటిని ఆసుపత్రి స్టోరు వెనక్కి పంపింది. వాటికి బదులు మళ్ళీ కుట్టడానికి అరువుకి తెచ్చిన గుడ్డ డబ్బుల్లో సగం బట్టలకొట్టుకి ఇంకా బాకీ ఉంది.