పడవ ముక్కు ఎటుంది

గోలోక్ ఏటికి ఒక ఒడ్డు మలేసియా, ఇంకో ఒడ్డు థాయిలాండ్ అని పటంలో ఉంటుంది. మా నోళ్లలో అలా ఉండదు. మేం నిలబడ్డది ఇవతల, ఎదురుగా కనిపించేది అవతల. రెండు వైపులా ఒకటే భాష, అన్నంలోకి ఒకటే ఉప్పుచేపల ఊట.

మా నాన్న దెరామాన్ నలభై ఏళ్లు మా ఊరి దగ్గర ఏరు తిరిగే ఒంపులో పడవ నడిపాడు. పుట్టింది థాయి ఒడ్డున, కాపురం మా అమ్మ లిమోతో మలేసియా ఒడ్డున. మంచు పొద్దుల్లో ఏ ఒడ్డూ కనిపించేది కాదు. నాన్న కళ్లు మూసుకుని, కూనిరాగం తీస్తూ తెడ్డు వేసేవాడు. నేను భయపడితే, "ఒడ్డు ఎక్కడికి పోతుందే, అదే వస్తుంది" అనేవాడు.

అలాంటి పొద్దునే, ఏటి నడుమ, పడవలో నేనొక్కదాన్నే ఉండగా, తెడ్డు ఒళ్లో పెట్టుకుని అన్నాడు: "నేను పోతే అవతల పెట్టండమ్మా." వారం తిరక్కుండా పోయాడు.

పొద్దు వాలేలోగా మట్టి చేయాలి. శవం దగ్గరే అమ్మకీ, థాయి ఒడ్డు నుంచి వచ్చిన మేనత్త జారోకీ తగువు పడింది.

"అవతలన్నాడంటే మా ఒడ్డేగా," అంది అత్త.

"నా ఇంట్లో కూచుని అన్నాడా వదినా? ఏటి నడుమ అన్నాడు."

ఏటి నడుమ ఉన్నవాడికి పడవ ముక్కు చూసేదే అవతల. అది మా వాళ్ల లెక్క. అత్త నా వైపు తిరిగింది. "ఏమే కోడలా, అప్పుడు పడవ ముక్కు ఎటుంది?"

ఆ పొద్దున పడవ మంచులో మెల్లగా తిరుగుతూ ఉండింది. ముక్కు ఎటుందో దేవుడికే ఎరుక. అమ్మ ముఖం చూశాను.

"మా ఇంటివైపు," అన్నాను. నా నోరు పడిపోను, ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట.

మా ఒడ్డునే, ఒంపు లోపలి రాంబుటాన్ చెట్టు కింద పెట్టాం. మూడేళ్లు అత్త మా గడప తొక్కలేదు. నాకు తిన్న అన్నం ఒంటబట్టలేదు.

నాలుగో ఏడు వరద ఒంపును అడ్డంగా కోసేసింది. నీళ్లు తీసేసరికి పాత పాయ ఇసుకతో పూడిపోయింది. ఏరు మా పెరటి పక్కనే పారుతోంది. చెట్టూ సమాధీ చెక్కుచెదరకుండా ఎదుటి ఒడ్డున ఉన్నాయి. అత్త పూడిన పాయ మీదుగా నడిచొచ్చి సమాధి మీద చెంబుతో నీళ్లు పోస్తోంది.

"అమ్మా, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను."

"తెలుసులేవే. పడవ విప్పు. మీ నాన్న అవతలున్నాడు."

నడి ఏటికి రాగానే అత్త తలెత్తి చూసింది. "ఏమే కోడలా, ఇప్పుడు ముక్కు ఎటుంది?"

"మీ వైపే అత్తా," అన్నాను. అమ్మ తెడ్డు వేసింది.